పన్నెండు గదుల తపాల చెక్కలు

కడుపుతో ఉన్నప్పుడు నేను ఒక్క అబద్ధం చెప్పి నెల రోజులు శిక్ష అనుభవించాను. అబద్ధం కూడా పెద్దదేం కాదు. ఏం తినాలనుందని అడిగితే తపాల చెక్క అన్నాను.

అది ఎనభైల మొదట్లో. పాలమూరు జిల్లాలో ఒక పల్లె నుంచి బొంబాయి కామాటిపురలోని చాల్‌కు, అంటే వరుస గదుల మేడకు, కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. మా అంతస్తులో పన్నెండు గదులు, అన్నిట్లోనూ మనవాళ్ళే. తాతలు రాళ్ళు కొట్టి, సున్నం మోసి ఆ ఊరిని కట్టారు. మనవలు ప్రెస్సుల్లో, గోదాముల్లో చిన్న చిన్న పనులు చేసుకుంటున్నారు. పిల్లలు వరండాలో మరాఠీలో కొట్టుకుని, హిందీలో రాజీపడి, అన్నానికి పిలిస్తే మాత్రం తెలుగులో పలికేవాళ్ళు.

మా అత్త బొంబాయిలోనే పుట్టింది, అక్కడే పెళ్ళైంది. మా జిల్లాకు మొత్తం మీద రెండుసార్లు వెళ్ళిందేమో. అయినా పల్లెలో పుట్టి పెరిగిన నాకు, పల్లెలో ఏం తింటారో ఆమె చెప్పేది. జొన్నరొట్టె ఎంత మందం ఉండాలో, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎప్పుడు పిసకాలో నేను ఆమె దగ్గర నేర్చుకోవాలట! ఒళ్ళు మండేది. పైగా ఇంట్లోకి బయటి తిండి రాకూడదని ఒక చట్టం. పావ్ పేరెత్తితే చాలు, "కాళ్లతోని తొక్కిన పిండి, మనం తినేది కాదు" అని తీర్పు ఇచ్చేసేది.

నాకేమో ఆ ఊరి తిండి మీద ప్రాణం. పెళ్ళైన కొత్తలో మా ఆయన నన్ను గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట ఒక బండి దగ్గర నిలబెట్టి వడాపావ్ ఇప్పించాడు. పావ్ మధ్యలో ఎర్రటి వెల్లుల్లి కారం చల్లి, నూనెలోంచి అప్పుడే తీసిన వడను అందులో పెట్టి నొక్కి, పక్కన వేయించిన పచ్చిమిరపకాయ పెట్టి, పేపర్ ముక్కలో చుట్టి ఇచ్చాడు బండివాడు. నోరు కాలింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోది అడిగాను. ఆ తర్వాత భేల్, ఛాయ్‌లో ముంచితే పొరలు పొరలుగా విడిపోయే ఖారీ బిస్కట్, వెన్న కాగితాల మధ్య పలకలుగా పెట్టి అమ్మే హల్వా, అన్నీ రుచి చూశాను. ఆదివారం నేనూ ఆయనా సినిమాకని బయల్దేరితే, నాకు సినిమా కంటే ఇంటర్వెల్ ముఖ్యం.

మా ఆయన మంచివాడే. కుడి చెవే పని చేసేది కాదు. పసితనం నుంచీ అందులో చీము కారేది. రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు అత్త ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, చెవి తుడిచి, కొత్త దూది పెట్టేది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి పెళ్ళాం ముందు బడిపిల్లాడిలా తల వంచుకుని కూర్చునేవాడు. చూడలేక నేను గిన్నెలు తోముకునే వంకతో అటు తిరిగేదాన్ని.

మూడో నెల వచ్చేసరికి నాకు వేవిళ్ళు పట్టుకున్నాయి. అన్నం వాసన పడదు, పప్పు పొంగు చూస్తే పరుగు. అలాంటప్పుడు ఒక సాయంత్రం పక్క గది అవ్వ వరండాలో అందరి ముందూ నన్ను కూర్చోబెట్టుకుంది.

"ఏం తినబుద్ధయితుంది బిడ్డా? మనసుల ఉన్నది చెప్పాలె. దాచుకుంటే పుట్టినోళ్లకు చెవుల చీము కారుతది."

ఆ మాట వినగానే మా అత్త దులుపుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. నన్ను అంతగా ముద్దు చేయడం నచ్చలేదేమో అనుకున్నాను.

నా మనసులో ఉన్నది వడాపావ్. వెల్లుల్లి కారం ఎక్కువ వేసిన వడాపావ్. కానీ పదిమంది ఆడవాళ్ళ ముందు, లోపలున్న అత్తకు వినపడేలా, కొత్త కోడలు ఆ మాట ఎలా అంటుంది? పల్లె నుంచి వచ్చినదాన్ని పల్లె వంట పేరు చెబితే గౌరవంగా ఉంటుందనుకున్నాను. "తపాల చెక్క" అన్నాను.

అంతే, వరండా అంతా మురిసిపోయింది. "సూడుండ్రి, మన రక్తం యాడికి పోతది" అంది అవ్వ.

ఆ చాల్ ఆచారం నాకప్పుడు తెలియదు. కడుపుతో ఉన్న కోడలు నోరు తెరిచి ఒకటి అడిగితే, ఆ అంతస్తులోని ప్రతి గదీ వంతులు వేసుకుని అదే చేసి పెట్టాలి. మర్నాటి నుంచి మొదలైంది. బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కారం కలిపి, గిన్నె లోపలే పలచగా తట్టి, వేలితో బొక్కలు పొడిచి, నూనె చుక్కలు వేసి కాలుస్తారు కదా. ఒకటి దించాక గిన్నెను చల్లార్చందే రెండోది తట్టడానికి చేయి పెట్టలేం. మా ఊళ్ళో గిన్నె మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించేవాళ్ళం. ఇక్కడ నల్లా వచ్చేదే పొద్దున రెండు గంటలు. నా కోరిక తీర్చడానికి పన్నెండు గదుల వాళ్ళు గిన్నెలు చల్లార్చుకుంటూ బకెట్లకు బకెట్లు ఖాళీ చేశారు. "మీ కోడలి చెక్కలకు మా స్నానం నీళ్లు పోయినయ్" అని కింది అంతస్తు వాళ్ళు మా అత్తతో గొడవకు వచ్చారు. ఆ పాపం కూడా నా ఖాతాలోనే.

అందరూ మంచివాళ్ళే, అదే నా కర్మ! ప్రతి ఒక్కరూ నా ఎదురుగా కూర్చుని నేను నమిలేదాకా కదిలేవాళ్ళు కాదు. "మీ ఊర్ల గిట్లనే ఉంటది కదా?" ఒకరి చెక్క ఇటుకంత మందం, ఇంకొకరిది అప్పడం. ఒకావిడ కొత్తిమీరతో పాటు పావ్‌భాజీ మసాలా కూడా వేసింది. అన్నిటికీ "అచ్చం అట్లనే ఉంది" అని తల ఊపి, వాళ్ళు వెళ్ళగానే నీళ్ళు పోయే మోరీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. పన్నెండు గదుల తిండి మధ్య ఆకలితో మాడాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకు నిజంగా భయం వేసింది. ఏమీ తినకపోతే లోపలున్నదానికి ఏమవుతుంది?

వెళ్ళి నేనే కొనుక్కుందామంటే, పక్క సందుల్లో సానికొంపలున్న కామాటిపురలో గల్లీ మూల మీద ఒంటరిగా నిలబడిన ఆడదాన్ని దారినపోయేవాడు ఏమని అడుగుతాడో అందరికీ తెలుసు. మా చాల్ కోడళ్ళు ఆ మూలలు తల ఎత్తకుండా దాటేవాళ్ళు. మిగిలింది మా ఆయన. ఒక పొద్దున అన్నం డబ్బా చేతికిస్తూ, గుమ్మం దగ్గర, నెమ్మదిగా చెవిలో చెప్పాను. నా ఖర్మ కొద్దీ అది దూది ఉన్న చెవి.

"ఏందీ? ఏం గావాలె?" అని అరిచాడు. అటు ఆరు తలుపులు, ఇటు ఐదు తలుపులు మా వైపు తిరిగాయి.

"ఏం లేదు, పోయి రా" అన్నాను పళ్ళు కొరుకుతూ.

నెల తిరిగేసరికి అత్త నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నన్ను తూకం ఎక్కించి, పోయిన నెల కాగితం చూసి, అత్త మీద విరుచుకుపడింది. "ఘర్ మే ఖానా నహీ దేతే క్యా?" ఇంట్లో తిండి పెట్టరా అని. చాల్ మొత్తం నెల రోజులుగా నాకే వండి పెడుతోందని ఆవిడకు ఎవరు చెప్పాలి? అత్త నా తరఫున తిట్లు తిని, కాగితం మడిచి కొంగుకు కట్టుకుంది.

తిరిగి వస్తూ గ్రాంట్ రోడ్ స్టేషన్ ముందు నుంచి నడుస్తున్నాం. అదే బండి. నూనెలో వడలు తేలుతున్నాయి. నా కాళ్ళు ఆగిపోయాయి.

"నడువు, ఏమైంది?"

"నాకు తపాల చెక్కలు వద్దత్తమ్మా" అన్నాను. నడిరోడ్డు మీద ఏడుపొచ్చేసింది. "ఎప్పుడూ వద్దు. నేను అబద్ధం చెప్పిన. నాకు అది కావాలె." వేలు పెట్టి చూపించాను, చిన్నపిల్లలా.

తిడుతుందనుకున్నాను. ఆమె బండి దగ్గరికి వెళ్ళి, "దోన్ ద్యా, లవ్కర్" అని మరాఠీలో తొందరపెట్టి, రెండు వడాపావ్‌లు తీసుకొచ్చి రెండూ నా చేతిలోనే పెట్టింది. మెట్ల పక్కన నన్ను కూర్చోబెట్టి, జనానికి అడ్డంగా నిలబడింది. నేను తిన్నాను. వాంతి రాలేదు. నెల తర్వాత కడుపులో ఒక తిండి నిలిచింది.

రెండోది సగంలో ఉండగా ఆమె అంది, నా వైపు చూడకుండా.

"నీ మొగడు కడుపుల ఉన్నప్పుడు నాకు ఇరానీ హోటల్ బన్ను తినాలనుండె. మస్కా రాసి ఇస్తరు చూడు, అది. ఛాయల ముంచుకొని. పొద్దుగాల కిడికీలకెళ్లి వాసనొచ్చేది. మా అత్త అడిగితే జొన్నగటక అన్న. అందరు గటకే పెట్టిన్రు." కొంగుకు కట్టిన ముడి బిగించింది. "వాని చెవి నువ్వు రోజు చూస్తనే ఉన్నవ్ గద."

నేను ఇలాంటివి నమ్మను, అప్పుడూ నమ్మలేదు. చెవిలో చీముకు వంద కారణాలుంటాయి. అదంతా తెలిసిన మనిషి నెల రోజులు నన్ను ఎందుకు అడగలేదు? పోనీ, ఆ పావ్ మీద అంత పగ ఎందుకు? కోపంగా అడుగుదామనుకున్నాను. నోటి నిండా వడాపావ్ ఉంది. మింగేలోపు ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె రోజూ కూరగాయల సంచిలో దాచి వడాపావ్ తెచ్చేది. చాల్‌లో మాత్రం డాక్టరు చెక్కలు మాన్పించిందని చెప్పింది. చట్టం చట్టమే, ఆమె ఒక్క ముక్క కొరకలేదు.

పుట్టింటికి అంత దూరం ప్రయాణం వద్దని డాక్టరమ్మ అనడంతో కాన్పు బొంబాయిలోనే అయింది. వార్డు బయటికి తెచ్చిన బిడ్డను, నేను మంచం మీది నుంచి తలుపులోంచి చూస్తుండగానే, మా అత్త చేతుల్లో పెట్టారు. పిల్లా పిలగాడా అని మా అంతస్తు ఆడవాళ్ళంతా ఒక్కటే గోల. ఆమె బిడ్డను కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి, గుడ్డ తొలగించి, ముందు ఒక చెవి చూసింది, తర్వాత రెండోది చూసింది. రెండూ పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాత పక్కనే నిలబడ్డ కొడుకు తలను దగ్గరికి లాక్కుని, అంతమందిలో, ఆ దూది మీద చేయి పెట్టి ఏడ్చింది.