సర్పంచ్ కూతురి నోటుబుక్కు

మా అమ్మాయి బ్యాగు సర్దుతుంటే పండ్ల వాసన వేసే రబ్బరు ఒకటి దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, సిరిసిల్ల పక్కన మా ఊరి బడి, గోడ అవతల పొద్దంతా టకటకమని ఆగకుండా కొట్టుకునే మరమగ్గాలు, వాన పడితే తడిసిన గోనెసంచుల వాసన వేసే వరండా, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చాయి.

ఐదో తరగతిలో పద్మ నా పక్కనే కూర్చునేది. వాళ్ల బాపు మగ్గాల షెడ్డులో కూలికి పనిచేసేవాడు. పద్మ జడలో ఎప్పుడూ నూలు పోగులు చిక్కుకుని ఉండేవి. బతుకమ్మ రోజుల్లో వాళ్లవ్వ చేసిన నువ్వుల ముద్దలు, మా ఇంటి మలీద ముద్దలు మార్చుకుని తిని, బెల్లం అంటిన వేళ్లతోనే కచ్చకాయలు ఆడేవాళ్లం. మా బాపు ఊరి సర్పంచ్ కాబట్టి నేను క్లాసు లీడర్‌ని. అంతకుమించి నాలో గొప్పేమీ లేదు.

ఇంగ్లీషు సారుది ఒక పద్ధతి. శనివారం అందరూ ఇంటి గురించి ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాయాలి, లీడర్ దిద్దాలి. లీడర్ పట్టిన ప్రతి తప్పుకూ రాసినవాళ్లకు స్కేలు అంచుతో వేలి కణుపుల మీద ఒక దెబ్బ, లీడర్ వదిలేసిన తప్పు సారు పడితే లీడర్‌కు రెండు. ఊరి పేరుకు, కులం పేరుకు పెద్దక్షరం, చేసే పనికి చిన్నక్షరం, ఎంత హోదా అయినా మనిషి పేరు ముందు పెడితేనే పెద్దక్షరం అని బోర్డు మీద రాశాడు.

ఆ శనివారం పద్మ ‘మా నాన్న వీవర్’ అని ఇంగ్లీషులో రాసి, ఆ పనికి పెద్దక్షరం పెట్టి, పువ్వు కుట్టినంత శ్రద్ధగా దిద్దుకుంది. నేను చూశానని తెలిసి నా మోచెయ్యి పట్టుకుంది.

“జర ఇడిసిపెట్టు రమా. మా బాపుకు సూపియ్యాలె.”

వదిలితే నా వేళ్లు వాస్తాయి. ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాను.

దెబ్బ పడ్డా పద్మ ఏడవలేదు. “సార్, రమ గూడ సర్పంచ్ అని పెద్దక్షరంతోనే రాసింది” అంది. నిజమే. నా పుస్తకం సారు ఎప్పుడూ తెరవడు. ఆ రోజు లేచాడు. ఆయన నా బెంచీ దాకా వచ్చేలోపు ఒళ్లో పెట్టుకుని రబ్బరుతో చెరిపి చిన్నక్షరం రాసేశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, గెలిచినట్టే అనిపించింది.

“అబద్ధాలు గూడ నేర్సినవా?” అని సారు పద్మను మళ్లీ కొట్టి, వాళ్ల బాపును పిలిపించాడు. బనియను నిండా నూలు దుమ్ముతో పరుగెత్తుకొచ్చిన ఆ మనిషికి ఇంగ్లీషు రాదు. నా పుస్తకంలో సారు వేలు పెట్టి చూపించిందే నమ్మాడు. “తప్పైంది” అని సారుకు, ఆ తర్వాత పదేళ్ల పిల్లనైన నాకు కూడా చేతులు జోడించాడు. అందరిముందూ బిడ్డ చెంప పగలగొట్టాడు. సోమవారం పద్మ బడికి రాలేదు. మగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టే పనిలో పెట్టారన్నారు.

మొన్న ఊరికి వెళ్లాను. సగానికి పైగా షెడ్లకు తాళాలు పడ్డాయి, బడి కూలగొట్టి ఫంక్షన్ హాలు కట్టారు, ఆ వీధిలో మాట్లాడాలంటే ఇప్పుడు అరవాల్సిన పని లేదు. పద్మ వాళ్ల బాపు ఇంటి అరుగు మీద బీడీలు చుడుతోంది. చెప్పేసి తేలికపడదామని పక్కన కూర్చుని, ఆ రోజు చెరిపేశానని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

“నాకెరికనే గదా. మా బాపుకే ఎరికలేకుండె. సచ్చేదాంక నేను అబద్ధమాడిననే అనుకున్నడు. గాయినకు చెప్తే అయిపోతుండె.”

ఎప్పుడు పోయాడని అడిగాను.

“నిరుడు.”

ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి బతుకమ్మకూ పుట్టింటికి వెళ్లేదాన్ని. అరుగు మీద కూర్చున్న ఆయన లేచి నిలబడి దండం పెడితే, కారు అద్దం దించకుండా తలూపి వెళ్లిపోయేదాన్ని.