గంజిలో ముంచిన కాయ

నా చిన్నప్పుడు అబద్ధమాడితే కళ్లు పోతాయని చెప్పేవారు. అదే నిజమైతే మా నాయనమ్మకి ఎప్పుడో పోవాలి. ఆవిడ మాత్రం పోయేదాకా సూదిలో దారం తనే ఎక్కించుకుంది. నేను మూడో తరగతిలోనే బడి ఎగ్గొట్టి తోటల్లో పడ్డదాన్ని. నాకొచ్చిన నీతులన్నీ ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్నవే. వాటిల్లో నాకు బాగా అక్కరకొచ్చింది మాత్రం ఒక అబద్ధం.

మాది నూజివీడు పక్కన పల్లె. వేసవి వచ్చిందంటే మావాళ్లందరూ మామిడితోటల్లో కాయకోతకి వెళ్లేవాళ్లు. మగవాళ్లు గెడ కొసన వలసంచీ కట్టిన చిక్కంతో కాయ తెంపితే, ఆడవాళ్లు గంపలకెత్తి పాకలోకి చేర్చేవాళ్లు. ఆ జట్టుకి మా నాయనమ్మే పెద్ద. నేను ఆవిడ వెనకాల ఖాళీ గంపలు మోస్తూ, ఎదురైన ప్రతివాళ్లనీ వెక్కిరిస్తూ తిరిగేదాన్ని.

అంతకు ముందు వేసవిలో మా పెదనాన్న, అంటే ఆవిడ పెద్దకొడుకు, మిట్టమధ్యాహ్నం చిక్కం చేతిలో ఉండగానే చెట్ల మధ్య ఖాళీలో కూలబడ్డాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు. పొద్దు వాలేలోపే పోయాడు. వడదెబ్బ అన్నారు. కాయల లారీ మాత్రం ఆ సాయంత్రం టైముకే కదిలింది.

మరుసటి ఏడాది కోతలు మొదలవగానే నాయనమ్మ తోట ఆసామిని వెళ్లి అడిగింది. తోటకి ఆయన కొత్త. తండ్రి పోయాక బెజవాడలో చదువు ముగించుకొచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టు మీద గొడుగు కింద నిలబడేవాడు. నీడ కాళ్ల కిందికి వచ్చినప్పటి నుంచి మళ్లీ అది సగం నిలువు సాగేదాకా మనుషులకి విశ్రాంతి ఇమ్మంది. పోయిన కొడుకు పేరు చెప్పి మరీ అడిగింది. ఎండలు ఎప్పుడూ ఉండేవేగా, మజ్జిగ తాగి పని చేసుకోండి అన్నాడాయన. ఆ మాట అంటూ వాచీ చూసుకున్నాడని మా అమ్మ చాలా ఏళ్లు చెప్పుకుంది.

నాయనమ్మ వెళ్లి గంప ఎత్తుకుంది. అయిదారు రోజులు గడిచాక ఆయన్నే పాకలోకి పిలిచి, వరిగడ్డి తొలగించి మాగేసిన కాయలు చూపించింది. పొద్దున్నే కోసినవి పసుపుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. మధ్యాహ్నం కోసినవని చూపించిన మూడూ నల్లబడి, వేలు పెడితే దిగబడుతూ, పులిసిన కంపు కొడుతున్నాయి.

“నడినెత్తిన పొద్దుండగా కోస్తే కాయ లోపల్లోపల ఉడికిపోద్దండి. ఆపై మీ ఇష్టం,” అంది.

ఆయన ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజు నుంచే మధ్యాహ్నం కోత బంద్. ఆపించింది కూడా తన తెలివే అన్నట్టు పక్క తోట ఆసాములకి చెప్పుకున్నాడు. కళ్ల ముందు మనిషి పోతే కదలనివాడు, మూడు కాయలు కుళ్లితే కదిలాడు.

నాకేమో నోరు ఊరుకోదు, చెయ్యి అంతకన్నా ఊరుకోదు. అందరూ చెట్ల కింద కొంగులు పరుచుకుని నడుం వాల్చిన వేళ, ఒక చిన్నరసం కాయ తెంపి ఇంట్లో బియ్యం డబ్బాలో దాచాను. కుళ్లిన కంపు ఎలా వస్తుందో చూసి మా అమ్మని ఏడిపిద్దామని నా ఆలోచన. నాలుగు రోజులకి తీస్తే ఇల్లంతా ఘుమఘుమ. టెంకతో సహా చీకేశాను.

ఇంత పెద్ద సంగతి కడుపులో దాచుకోవడం నావల్ల అయ్యే పనా? మర్నాడు మధ్యాహ్నం ఆసామి తోటలో ఉండగానే, చెట్టు కింద కూర్చున్న నాయనమ్మ దగ్గరికెళ్లి గొప్పగా అనేశాను: “నాయనమ్మా, నువ్వు చెప్పేవన్నీ కోతలే. మధ్యాహ్నం కోసిన కాయ తిన్నాను, బెల్లంలా ఉంది.”

నా హాస్యానికి ఎవరూ నవ్వలేదు. ఆసామి గొడుగు ఇటు తిరిగింది. పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. మా అమ్మ చూపు నా మీదే ఉంది. ఆ చూపులో కోపం లేదు, వేడుకోలుంది. అప్పటికప్పుడు నాకు అర్థమైంది, నేను తిన్నది కాయని కాదు, వీళ్లందరి నీడని.

నాయనమ్మ తాపీగా తమలపాకు మడుచుకుంటూ, దీని మాటలు నమ్మకండి బాబుగారూ, పొద్దుటి గంపలోంచి ఎత్తుకొచ్చి తిని ఉంటుంది, దొంగముండ, అంది. ఆయన నా దగ్గరికొచ్చి నిజమేనా అని అడిగాడు.

నేను దేనికైనా పడతాను గానీ దొంగ అంటే పడను. నిజం నోటి చివరిదాకా వచ్చింది. చెట్టు కింద పెదనాన్న కొడుకు, నాకన్నా రెండేళ్లు చిన్నవాడు, వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు. ఆవిడ వాడి నుదుటి మీద పెట్టిన చెయ్యి ఎత్తలేదు, నా వైపూ చూడలేదు.

“అవునండి. దొంగిలించాను,” అన్నాను.

ఆయన నా చెవి మెలిపెట్టి, అబద్ధాలూ దొంగతనాలూ చేస్తే మనిషి పైకి రాడని చాలాసేపు చెప్పాడు. గొడుగు కింద నిలబడి చెప్పాడు. నేను ఎండలో నిలబడి విన్నాను. ఆ వేసవంతా నా పేరు దొంగపిల్ల.

ఇంటికెళ్లే దారిలో నాయనమ్మ నా చెవికి ఉమ్మి రాస్తూ అసలు సంగతి చెప్పింది. ఆ మూడు కాయల్నీ మరిగే గంజిలో ముంచి తీసి, గడ్డిలో పెట్టిందట. ముందు మనిషి సంగతే చెప్పి అడగాలి, వినకపోతే అప్పుడు కాయ చూపించాలి, ఆ వరస మాత్రం తప్పకూడదు అంది. కాయ ఒక్కటే చాలుగా, మనిషి సంగతి ఎందుకు అన్నాను. అడక్కపోతే మనం కూడా కాయలమే అనుకుంటారే, అంది.

ఇప్పుడు ఆ జట్టుకి నేను పెద్ద. గంపలు పోయి ప్లాస్టిక్ ట్రేలొచ్చాయి. ఆసామి తోటలో సగం ప్లాట్లయి, రంగు పూసిన హద్దురాళ్లు మొలిచాయి. ఎండ సంగతి చెప్పాలంటే, నీడ కాళ్ల కిందికి వచ్చేదాకా ఆగే రోజులు పోయాయి. పొద్దున తొమ్మిదింటికే చిక్కం గెడ చేతికి అంటుకుంటోంది. రాత్రి గోడలు కక్కే వేడికి ఇంట్లో పడుకోలేం. ప్రతి ఏడూ టీవీలో రికార్డు బద్దలైందంటారు, ఆటల్లో గెలిచినట్టు.

కాలేజీలో చదివే మా మనవరాలు నాకర్థమయ్యేలా చెప్పింది. బొగ్గు, పెట్రోలు తగలబెట్టిన పొగ ఆకాశంలో పరుచుకుని వేడిని బయటికి పోనివ్వదట. కాయల్ని గడ్డి కప్పి, తలుపులు మూసి మాగేస్తాం చూడు, అలాగే భూమిని మాగేస్తున్నారు నాయనమ్మా అంది. మాగేసే గది తలుపు వేళకి తియ్యకపోతే ఏమవుతుందో తెలియడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. ఆ కంపు నాకు తెలుసు. తలుపు తియ్యగలిగినవాళ్లేమో ఏసీ కార్లలో కూర్చుని, ఎండలు ఎప్పుడూ ఉండేవేగా అంటున్నారు. అదే మాట. మా నాయనమ్మ మనుషుల్ని బతికించడానికి అబద్ధమాడింది. వీళ్లు దేన్ని బతికించడానికి ఆడుతున్నారు?

మొన్న వేసవిలో మేం కోసే తోటలో కాపు కొన్న కుర్ర వ్యాపారి పొద్దున్నే నా ఫోనుకి మెసేజ్ పంపాడు. వడగాడ్పులు, పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరగొద్దని ప్రభుత్వం వాళ్ల హెచ్చరిక. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. పది నిమిషాలకి అతనే ఫోన్ చేసి, మూడింటికల్లా లోడు హనుమాన్ జంక్షన్ చేరాలన్నాడు. తోటకొచ్చి చూస్తే ట్రేల మీద తడి గోనెలు కప్పించి, పైన పచ్చవల పందిరి కట్టించాడు. కాయలకి. మా జట్టులో ఒక పిల్ల అప్పటికే కళ్లు తిరిగి వాంతి చేసుకుని, ఆ పందిరి కిందే ట్రేల మధ్య చోటు చేసుకుని పడుకుంది.

వరస తప్పకుండా ముందు మనిషి సంగతే చెప్పాను. పెదనాన్న పోయిన తీరు చెప్పాను, పడుకున్న పిల్లని చూపించాను. జాగ్రత్త పెద్దమ్మా, మజ్జిగ తాగండి అన్నాడు. ఫోనులోంచి తల ఎత్తలేదు.

అప్పుడు చెట్టుకు వేలాడుతున్న కాయ ఒకటి, ఎండ తగిలే వైపుది, తెంపి అతని ముందే కోశాను. టెంక పక్కన కండ నల్లగా ఉడికిపోయి ఉంది. అతని ముఖం వాడిపోయింది. ఆపండి, ఆపండి, సాయంత్రం కోద్దాం అని తనే కేకలేశాడు.

నాయనమ్మకి గంజి కాచాల్సొచ్చింది. నాకా పని పడలేదు. చెట్టు మీద ఉండగానే కాయని ఎవరో ఉడకబెట్టి పెట్టారు. ఆవిడ ఆడిన అబద్ధం ఇన్నేళ్లకి నిజమైంది. ఆ ముక్క చేతిలో పట్టుకుని చూస్తుంటే నాకు గెలిచినట్టు లేదు, చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఈ ఏడూ అంతే. తోటకెళ్లగానే ముందు మనిషి సంగతి చెప్తాను, ఎవడో ఒకడు దానికే ఆగుతాడేమోనని. కొంగున మాత్రం ఒక కాయా, కత్తీ కట్టుకునే వెళ్తాను.