పాత తుప్పు, కొత్త సొట్ట

ఇన్సూరెన్సు సర్వేయరు గారికి తుప్పంటే పగలంతా పగ, సాయంత్రమైతే ప్రేమ. దెబ్బతిన్న బళ్ళ చుట్టూ తిరిగి ఏ సొట్ట ప్రమాదంలో పడిందో, ఏ సొట్ట అంతకు ముందే ఉందో తేల్చడం ఆయన ఉద్యోగం. టార్చీ, భూతద్దం పట్టుకుని బండి కింద దూరి, బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నారంటే బండిగలవాడి గుండెల్లో రాయి పడేది. "ఇది పాత తుప్పండీ, ప్రమాదానికి సంబంధం లేదు," అనేవారు. అవతలివాడు లబోదిబోమంటే, "అందరూ అలాగే అంటారండీ," అని కాగితం మడిచేవారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఈ రెండు వాక్యాలతోనే నెట్టుకొచ్చిన ఘనుడాయన. మూడో వాక్యం అవసరం పడలేదు.

ఇంటికొచ్చి చొక్కా మార్చుకుంటే మాత్రం వేరే మనిషి. బాల్కనీలో ఒక బల్ల, బల్ల మీద జానెడు కూడా లేని కారు. బజారులో దొరికే కిట్టు తెచ్చి అంటించి ఊరుకునే రకం కాదాయన. ఎక్కడా లేని కారును ఊహించి, కోసి, అతికించి, రంగేసి, ఆ తర్వాత దాన్ని ముప్పై ఏళ్ళు ఎండకూ వానకూ వదిలేసినట్టు పాడుచేయాలి. ఆ పాడుచేయడంలోనే విద్యంతా ఉందని ఆయన నమ్మకం. ముందు తుప్పు రంగు, దాని మీద భార్య హెయిర్ స్ప్రే, దాని మీద నీలం రంగు. ఆరాక తడి కుంచెతో రుద్దితే నీలం పెచ్చులుగా లేచి కింది తుప్పు బయటపడుతుంది. గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో అద్దితే సన్నటి మచ్చలు. స్ప్రే డబ్బా, స్పాంజీలు మాయమవడం ఆవిడకు అలవాటైపోయింది. అలవాటు కానిది బాల్కనీ తలుపు బందు. అది నిజంగానే తుప్పు పట్టి, తీసినప్పుడల్లా కీచుమని ఏడ్చేది.

"ఏమండీ, ఆ బందుకి రెండు చుక్కలు నూనె వెయ్యొచ్చు కదా?"

"ముట్టుకోకు! ఆ తుప్పు ధార కిందికి ఎలా జారిందో చూశావా? నేను దాన్ని చూసే నేర్చుకుంటున్నాను."

ఏళ్ళ తరబడి ఆ తలుపు ఏడుస్తూనే ఉంది, ఆయన నేర్చుకుంటూనే ఉన్నారు.

ఈ ఏడాది కారు, ఊరూరా తిరిగి గడియారాలు బాగుచేసేవాడిది. అలాంటివాడు ఎక్కడా లేడు, సర్వేయరు గారి బుర్రలో తప్ప. ముందు సగం పొడుగు ముక్కు పాత టాక్సీ. వెనక సగం చిన్న చిన్న సొరుగులున్న చెక్క బీరువా. వెనక తలుపు మీద చొక్కా గుండీ అంత గడియారం, దానికి ఒకే ముల్లు. మడ్‌గార్డులు కూల్‌డ్రింకు డబ్బా రేకు కోసి వంచినవి. పాడైన ప్రతిచోటా ఒక కారణం ఉండాలన్నది ఆయన సిద్ధాంతం కాబట్టి, ఆ లేని మనిషికి ఒక జీవితం రాసిపెట్టారు. అతనికి ఎడమ మోకాలు నొప్పి. దిగేటప్పుడు తలుపు మీద భారం వేస్తాడు, అందుకే తలుపు పైఅంచున రంగు అరిగింది. బెంగ ఎక్కువ, అందుకే స్టీరింగంతా గోళ్ళతో గీరేశాడు. అతని పుట్టినరోజు కూడా నోటు పుస్తకంలో ఎక్కింది. భార్య పుట్టినరోజు ఆ వారంలోనే వచ్చి వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిడే చెప్పేదాకా సర్వేయరు గారికి తెలియదు.

పుట్టినరోజు పోతే పోయింది, ఆవిడ దిగులంతా తమ్ముడి గురించి. అతను బేకరీ రొట్టెలు చేరవేసే వ్యాను నడుపుతాడు. రెండేళ్ళ కిందట ఒక లారీ పక్కనుంచి వచ్చి ఆ వ్యాను తలుపును లోపలికి నొక్కేసింది. ఆ కేసు తిరిగి తిరిగి బావగారి బల్ల మీదికే వచ్చింది. ఇది మా ఇంటి వ్యవహారం, ఇంకొకరికి ఇవ్వండి అని తప్పుకోవచ్చు. తప్పుకుంటే ఆయన నిజాయితీని ఆఫీసంతా చూసేదెలా? కాబట్టి తప్పుకోలేదు. అరగంటసేపు ఆ తలుపు మీది తుప్పును భూతద్దంతో చదివారు. పక్కనే చేతికి కట్టుతో నిలబడ్డ మనిషి వైపు తల తిప్పలేదు.

"బావగారూ, తుప్పు ముందే ఉంది, కాదనను," అన్నాడు బావమరిది. "దాని మీదే లారీ గుద్దింది. తుప్పు పట్టిన బండికి దెబ్బ తగలకూడదా?"

"అందరూ అలాగే అంటారు," అని బావగారు కాగితం మడిచారు.

అంతే, బావమరిది ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. అక్క ఫోను చేస్తే మాట్లాడతాడు, రమ్మంటే మాత్రం, "బావగారు పిలవాలి" అంటాడు. ఆవిడ మొగుణ్ణి బతిమాలింది, అలిగింది, నాలుగు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఆ నాలుగు రోజుల్లో ఆయన సొరుగులన్నిటికీ పిడులు పూర్తిచేశారు. "తప్పు నాదైతే కదా పిలవడానికి?" అన్నది ఆయన వాదన. తుప్పు విషయంలో తను పొరపడడమనేది ఆయన ఊహకు అందే సంగతి కాదు.

ఆయన తపనంతా బొమ్మ కార్ల క్లబ్బు మొదటి బహుమతి కోసం. మూడేళ్ళుగా దాన్ని ఒక పళ్ళ డాక్టరు తన్నుకుపోతున్నాడు. పళ్ళు తొలిచే పనిముట్లతో రంగు చెక్కేవాణ్ణి పోటీకి ఎలా రానిస్తారని సర్వేయరు గారు ఇంతెత్తున ఎగిరారు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి క్లబ్బుకి ఉత్తరం రాశారు: న్యాయనిర్ణేతగా ఉండాల్సింది నున్నటి చేతుల పెద్దమనుషులు కాదు, అసలు ఇనుము, అసలు తుప్పు తెలిసినవాడు. క్లబ్బువాళ్ళు ఆ మాట విన్నారు. ఊరికి అవతలి చివర షెడ్డులో నలభై ఏళ్ళు బళ్ళ సొట్టలు తీసిన డెంటింగు మేస్త్రిని పిలిచారు. ఆ కబురు విన్న రోజు సర్వేయరు గారు ఇంట్లో ఈల వేశారు.

పోటీ రోజు పొద్దున కారుని అట్టపెట్టెలో పెడుతుంటే బొటనవేలు జారింది. కుడి మడ్‌గార్డు రేకు పలచనిది కదా, మెత్తగా లోపలికి పోయింది. ఆయన కేకకి భార్య తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. వారం రోజులు కష్టపడి జార్చిన తుప్పు ధార సరిగ్గా ఆ సొట్టలోంచే పోతోంది. రేకు మళ్ళీ వంచితే రంగంతా రాలిపోతుంది. టైము లేదు. సర్వేయరు గారు పది నిమిషాలు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. ఆనక ఆయన మొహం వెలిగింది.

"గుద్దుకున్నాడు," అన్నారు.

"ఎవరు?"

"గడియారాలవాడు. నిన్న కరెంటు స్తంభానికి. మోకాలు నొప్పి కదా, క్లచ్చు మీద కాలు జారింది." నోటు పుస్తకం తీసి తేదీతో సహా రాసేశారు. ఇలా కథ అల్లేవాళ్ళని ఇరవై రెండేళ్ళుగా పట్టుకుంటున్న మనిషి, తనవంతు వచ్చేసరికి పది నిమిషాల్లో అల్లేశారు. ఆవిడ చేతులు తుడుచుకుని చీర మార్చుకోవడానికి వెళ్ళింది.

క్లబ్బు హాల్లో బల్లల మీద పాతిక కార్లున్నాయి. మేస్త్రి ఒక్కోదాని ముందూ నడుం వంచి చూసి ముందుకు పోతున్నాడు. గడియారాలవాడి కారు దగ్గర ఆగాడు. సొరుగులు చూసి నవ్వాడు, తలుపు అరుగుదల చూసి తలూపాడు. అప్పుడు మేస్త్రి వేలు కుడి మడ్‌గార్డు మీద ఆగింది.

"ఈ సొట్ట ఎప్పటిదండీ?"

"నిన్నటిదండీ. స్తంభానికి గుద్దుకుంది," అని సర్వేయరు గారు నోటు పుస్తకం తెరిచారు.

మేస్త్రి పుస్తకం వైపు చూడలేదు. "నిన్న గుద్దుకుంటే రంగు చిట్లాలి. పెచ్చు ఊడి లోపలి ఇనుము తళతళలాడాలి. ఇక్కడ ధార చెక్కుచెదరకుండా సొట్టలోకి దిగి అవతల తేలింది. ఇది పాత తుప్పండీ. మీరు చెప్పే దెబ్బకీ దీనికీ సంబంధం లేదు."

హాలంతా వింటోంది. పళ్ళ డాక్టరు పళ్ళు కనబడుతున్నాయి.

"అయ్యో, నిజంగానే దెబ్బ తగిలిందండీ!" సర్వేయరు గారి గొంతు కీచుమంది. "స్తంభం కాదు, ఇవాళ పొద్దున నా బొటనవేలు! తుప్పు ముందే ఉంది, కాదనను. దాని మీదే దెబ్బ తగిలింది. తుప్పు పట్టినదానికి దెబ్బ తగలకూడదా?"

"అందరూ అలాగే అంటారండీ," అని మేస్త్రి పక్క బల్లకు వెళ్ళిపోయాడు. అతనికి ఈయనెవరో తెలియదు, ఏ పనిచేస్తారో అసలే తెలియదు.

సర్వేయరు గారు భార్య వైపు తిరిగారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా తమ్ముడు కూడా ఈ మాటే అన్నాడు," అంది. "అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట."

ఆవిడ సంచిలోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, ఆయన చేతిలో పెట్టింది. అవతల మోగుతోంది. పెట్టేద్దామంటే ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది.

"చెప్పక్కా," అన్నాడు బావమరిది.

"అక్క కాదు, నేను. ఆ రోజు... ఆ దెబ్బ నిజమేరా. తుప్పు ముందే ఉంది, దెబ్బ తర్వాత తగిలింది. రెండూ నిజమే. నేనే సరిగా చూడలేదు."

సర్వేయరు గారికి సిగ్గేసింది, భయమేసింది. ఫోను పెట్టేస్తాడేమోనని తొందరగా ఇంకో మాట వెతుక్కున్నారు.

"చెయ్యి ఇప్పుడెలా ఉందిరా?"

"ఏ చెయ్యి బావగారూ?"

గడియారాలవాడికి నొప్పి ఎడమ మోకాల్లోనని సర్వేయరు గారు నిద్దట్లో లేపి అడిగినా చెప్పగలరు. ఇప్పుడు మాత్రం ఫోను చెవికి ఆనించుకుని, చెప్పమన్నట్టు భార్య మొహంలోకి చూశారు. ఆవిడ చెప్పలేదు.