మద్దెల ఓడా, కాదా

మా అక్కను బడిపిల్లలు బ్రేకమ్మ అనేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు బడి బస్సు నడిపింది. వెనక ఒక్కడు సీటు మీద నిలబడితే చాలు, బస్సు పక్కకు తీసి ఆపి, చేతులు కట్టుకుని కూర్చునేది. అరిచేది కాదు, తిట్టేది కాదు. అందరూ బుద్ధిగా కూర్చున్నాకే చక్రం కదిలేది. ఆ మొండితనం బడితోనే ఆగిపోయి ఉంటే మా కుటుంబం హాయిగా ఉండేది.

బావ పోయి, ఉద్యోగం కూడా అయిపోయాక ఆమె తొమ్మిది మీటర్ల ఇల్లుబండి ఒకటి కొన్నది. అందులోనే వంటగది, అందులోనే పడకగది, స్నానానికి మూడడుగుల చోటు. నేను ఆమె చెల్లెల్ని, దర్జీదాన్ని. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు విచారమూ లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, నా కుట్టుమిషన్లతో సహా ఆ బండి ఎక్కేశాను. ఊరూరా తిరిగి హోటళ్ళకు తెరలు, బళ్ళకు యూనిఫారాలు కుట్టిపెడతాను. ఆమె నడుపుతుంది. మూడేళ్ళు మాకు ఏ లోటూ లేదు, బండి కాస్త తూలడం తప్ప.

ఆ తూలడం మా తమ్ముడు ఎక్కిన రోజే ఎక్కువైంది. మా ఖర్మ అలా ఉంది మరి. సముద్రం దగ్గరి పొడవాటి వంతెన మీద పక్కనుంచి గాలి కొడుతోంది. పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటుతుంటే దాని గాలి బండిని మొదట ఇటు తోసేసింది, తర్వాత లారీ వైపు లాక్కుపోయింది, తోక అటూ ఇటూ ఊగింది. అక్క స్టీరింగ్‌తో కుస్తీ పట్టి నిలబెట్టింది. తమ్ముడి మొహంలో నెత్తుటిచుక్క లేదు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో భోజనాల బల్ల దగ్గర చెయ్యి చాపాడు.

"అక్కా, తాళం చెవి ఇచ్చెయ్."

"బండి తూలిందిరా. నేను కాదు."

"బండి కాదక్కా, నీ చేతులు. అరవై దాటాయి, వణుకుతున్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బండినంటే ఎలా?"

అక్క కంచంలోంచి తల ఎత్తింది. "మద్దెల నిజంగా ఓడైతే?"

"అయితే బాగు చేయించి, అదే వంతెన మీద, అంత గాలిలోనూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించు. చెయ్యలేకపోతే బండి అమ్మేద్దాం. నువ్వు నా దగ్గరుండు. చిన్నక్కని పిన్ని దగ్గర పెడదాం."

చిన్నక్క అంటే నేను. నన్నెక్కడ పెట్టాలో నన్ను అడగాలని కూడా తోచలేదు మహానుభావుడికి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ నా నోరు ఆ రోజు మంచిగా లేదు. నేనన్నవి ఇక్కడ రాయను. అక్క మాత్రం "సరే" అని చెయ్యి కడుక్కుంది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. ఆమె తన చేతులకేసి చూసుకునేది. టీ గ్లాసు పట్టుకుని, టీ కదులుతోందా అని చూసేది. ఒకసారి నా సూది లాక్కుని దారం ఎక్కించింది. మళ్ళీ ఊడదీసి మళ్ళీ ఎక్కించింది. "ఎందుకే ఆ పని?" అంటే "ఊరికే" అంది. ఊరికే సూదిలో దారం ఎక్కించే మనిషి కాదు ఆమె. తమ్ముడి మాట లోపలికి దిగిపోయింది. నాకు వాడి మీద ఒళ్ళు మండింది.

మొదటి మెకానిక్ స్టీరింగ్ పెట్టె బిగించాడు. ఇంకా బిగించాడు. అప్పుడు మలుపు తిప్పాక చక్రం తిరిగి నేరుగా రావడం కూడా మానేసింది. రెండోవాడు స్టీరింగ్‌కు అడ్డంగా డ్యాంపర్ అని ఒక గొట్టం బిగించాడు, కుదుపు చేతికి తెలియకుండా ఆపుతుందట. "చేతికి తెలియకపోతే బండికి జబ్బు పోయినట్టా?" అని అడిగింది అక్క.

"ఈ వయసులో మీకింత పెద్ద బండి ఎందుకమ్మా?" అన్నాడు వాడు.

"నీ వయసులో నీకింత చిన్న బుర్ర ఎందుకు నాయనా?" అంది మా అక్క. ఆ షెడ్డుకు మళ్ళీ పోలేదు.

ఒకరోజు ఉదయం ఇటుకల లారీల వెనక వరసలో నిలబెట్టి, బండిని లారీలు తూచే కాటా ఎక్కించింది. ముందు చక్రాలు మాత్రం ఒకసారి, మొత్తం బండి ఒకసారి. చీటీ చూసుకుని మడిచి రవికలో దోపుకుంది. "ఏమైందే?" అన్నాను. "ముందు తేలిక, వెనక బరువు" అంది. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాటినుంచి ఆమె సామాను ముందుకు నడవడం మొదలైంది. పుస్తకాల పెట్టె డ్రైవరు సీటు వెనక్కి వచ్చింది. బావ పనిముట్ల పెట్టె ముందు సీటు కిందికి వచ్చింది. వెనకున్న రెండో నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసేసింది. చివరికి తన పరుపు కూడా చుట్టి ముందుకు తెచ్చేసి అక్కడి ఇరుకు సోఫా మీద ముడుచుకు పడుకుంది. మళ్ళీ కాటా ఎక్కించింది. చీటీ చూసి పెదవి విరిచింది.

అప్పుడు నాకు వెలిగింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఇన్నాళ్ళూ షెడ్ల చుట్టూ తిరిగాం. వెనక చక్రాలు దాటాక ఆ బండికి ఇంకో మూడు మీటర్ల తోక ఉంది. ఆ తోకలో ఏముంది? నా రెండు ఇనప మిషన్లు, నా గుడ్డలు కత్తిరించే బల్ల, నా బట్టల తానులు, నా బొత్తాల డబ్బాలు. పిల్లలాడే ఊగుడుబల్లకు ఒక చివర నేను కూర్చుంటే రెండో చివర గాల్లోకి లేవదూ? నా బరువుకు ముందు చక్రాలు రోడ్డును సరిగ్గా పట్టుకోవడమే లేదు. పట్టులేని చక్రాలను ఎంత తిప్పితే ఏం లాభం? తూలేలా చేసింది ఆమె చేతులు కాదు, నేను. అన్నీ జరిపిన మనిషి నా వస్తువు ఒక్కటీ ముట్టుకోలేదు.

తేలు కుట్టిన దొంగలా కాసేపు నిలబడ్డాను. తర్వాత కోపం వచ్చింది.

"కాటా ఎక్కించిన మొదటి రోజే తెలుసు కదా నీకు? ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వేం చేస్తావో తెలుసు గనక. మిషన్లు అమ్మేసి, ఏం ఫరవాలేదక్కా అంటావు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడానికి నువ్వు పని మానేస్తే ఇక వాడు గెలిచినట్టే కదా?"

"అమ్మడమెందుకు? జరపడం చేతకాదా నాకు? కొలతలు తీసేది ఎవరనుకున్నావు?"

ఆ మధ్యాహ్నమే టేపు తీసుకుని, దర్జీ సుద్దతో బండి నేల మీద గీతలు గీశాను. భోజనాల బల్ల పీకేశాం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యకు, సరిగ్గా డ్రైవరు సీటు వెనక్కి నా మిషన్లూ, కత్తిరించే బల్లా వచ్చి నేలకు బోల్టులతో బిగుసుకున్నాయి. తానులు, బొత్తాల డబ్బాలు ఆ బల్లకింద దూరాయి. పరుపు మళ్ళీ తోకలోకి పోయింది. ఇప్పుడు భోజనం మిషను మీదే, ఉప్పుడబ్బా పక్కన కత్తెర. మళ్ళీ కాటా ఎక్కించాం. చీటీ ఈసారి ఆమె రవికలోకి పోలేదు, నా చేతికిచ్చింది.

మిగతా పనికి మూడో మెకానిక్ దొరికాడు, తక్కువ మాట్లాడే మనిషి. మొదటివాడి బిగింపు వదులు చేశాడు. వెనక ఇరుసు పక్కకు జరగకుండా పట్టుకునే కడ్డీ రబ్బర్లు అరిగి పిండయ్యాయని చూపించి, కొత్తవి వేశాడు. టైర్ల దగ్గర మాత్రం అక్కతో వాదన పెట్టుకున్నాడు.

"టైరు పక్కనే రాసుంది కదమ్మా, ఎంత గాలి కొట్టాలో."

"అది ఆ టైరు మొయ్యగలిగే పూర్తి బరువుకి బాబూ. మా ముందు టైర్ల మీద అంత బరువెక్కడుంది? ఇదిగో చీటీ. కంపెనీవాళ్ళ పట్టికలో ఈ బరువుకెంతో చూసి కొట్టు."

పట్టిక చూసి తల ఊపాడు. చక్రాల వాలు, అదే అలైన్‌మెంట్, సరిచేయడానికి బండి ఖాళీ చేయమన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "ఖాళీ బండి నడుపుతానా నేను? మా సామాను, మా నీళ్ళు, మేమిద్దరం, అన్నీ లోపలుండగా చూడు" అంది. అలా మేమిద్దరం సీట్లలో దేవుళ్ళలా కూర్చుని ఉండగా అతను కింద కొలతలు తీశాడు.

గాలి బాగా ఉన్న రోజు చూసుకుని తమ్ముణ్ణి పిలిచాం. వాడు పక్క సీట్లో కూర్చున్నాడు, నేను వెనక మిషను దగ్గర. వంతెన మొదట్లో గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డసంచి కర్రలా బిగుసుకుని ఉంది. మధ్యలో ఒక పెద్ద లారీ వచ్చింది. తమ్ముడు తలుపు పిడి పట్టుకున్నాడు. బండిని గాలి ఒకసారి భుజంతో నెట్టింది. అక్క స్టీరింగ్‌ను బెత్తెడు తిప్పి మళ్ళీ తిన్నగా పెట్టింది. అంతే, లారీ పోయింది.

వంతెన దిగాక తమ్ముడు "సరేలే, బాగానే ఉంది" అన్నాడు. అక్క బండి తిప్పింది.

"మళ్ళీ ఎక్కడికి?"

"ఒక్కసారైతే అదృష్టమంటావు."

రెండోసారి దాటింది. మూడోసారీ దాటింది. అటువైపు బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, చేతులు రెండూ స్టీరింగ్ మీంచి తీసి తమ్ముడి ముందు చాపింది. అవి వణుకుతున్నాయి. వేళ్ళు, మణికట్లు, గాజులు కూడా. నా ప్రాణం ఉసూరుమంది.

తమ్ముడు మెల్లగా అన్నాడు. "చూశావా అక్కా, నేను చెప్పలా?"

"చూడరా, బాగా చూడు. వంతెన మీద వణకలేదు, ఇప్పుడు వణుకుతున్నాయి. భయంతో కాదు, కోపంతో. నీమీద కాదులే. నువ్వన్నావని నాలుగు నెలలు నా చేతుల్ని నేనే నమ్మలేదు. ఇరవై ఆరేళ్ళు ఒక్క పిల్లకి దెబ్బ తగలకుండా ఇంటికి చేర్చిన చేతుల్ని. వాటికి నేను చేసిన అన్యాయం నువ్వు చెయ్యలేదురా."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని అవి కుదురుకునే దాకా కూర్చుంది, తొందరపడలేదు. తర్వాత ఇంజను వేసింది.

"మిమ్మల్ని ఇంటి దగ్గర దింపనా, బస్టాండు దగ్గర దింపనా?" అని తమ్ముణ్ణి అడిగింది, ఎవరో ప్రయాణికుణ్ణి అడిగినట్టు.