బియ్యం అవ్వ చేట

హిందూపురంలో ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుంటే పెనుకొండ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, బియ్యం అవ్వ ప్రభువు దగ్గరికి పోయింది. పొద్దున పిలిస్తే పలకలేదంట."

చెప్పులు విప్పి, గడప దగ్గరే కూర్చుని ప్రార్థన చేసుకున్నాను.

పెనుకొండలో మా సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తుంది. శనివారం ఇంటింటికీ తిరిగి, ప్రార్థన చేసి, ఆ బియ్యం చర్చికి చేర్చడం అవ్వ పని. నేను డిగ్రీలో ఉండగా నాయన చనిపోయాడు, ఆ నెల మా డబ్బా ఖాళీ. అమ్మ తలుపు చాటునే నిలబడింది. అవ్వ తన సంచిలోంచి రెండు దోసిళ్లు తీసి మా డబ్బాలో పోసింది.

"ఈ వారం తీసుకునే వంతు మీది పాపా. ఇచ్చేదొకటే కాదు, తీసుకునేది గూడా ప్రార్థనే" అంది నాతో.

చెల్లెళ్లు, తమ్ముడు నిలదొక్కుకునే వరకు నా చదువు డిగ్రీ దగ్గరే ఆగింది. యాభై దాటాక ధర్మవరంలో, శనివారం తరగతులు జరిగే చోట, దైవశాస్త్రం, పరిచర్యలో మాస్టర్స్‌కు చేరాను.

"కండ్లద్దాలు మార్పించుకునే వయసులో పుస్తకాల సంచేందక్కా?" అని చెల్లెళ్లు నవ్వారు.

అవ్వ నవ్వలేదు. "హిందూపురం పోయేటప్పుడు ఈడ దిగు. వాళ్లు ఏం చెప్పినారో నాకు చెప్పు" అంది.

సాయంత్రం రైలు దిగి వెళ్లేసరికి, ఆ రోజు తెచ్చిన బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతూ ఉండేది. నేను రాసుకున్న ప్రసంగం చదివేదాన్ని. ఆమె చేతులు ఆగితే అది బాగున్నట్టు. ఎప్పుడూ ఆగేవి కావు.

ఒకసారి కృప గురించి రాసింది పది నిమిషాలు చదివాను.

"ఎవరికి చెప్తాండావు పాపా ఇది?"

"మా సార్లకవ్వా."

"మీ సార్లు ఎట్లో ఒకట్ల మోక్షానికి పోతార్లే. ఈడ శెనక్కాయలు ఒలిచేవాళ్లు ఉండారే, వాళ్లకెవరు చెప్తారు?"

నిరుడు, కొత్త నిబంధనను మూలంలో చదవడానికి నేర్పే గ్రీకు పరీక్ష తప్పాను. ఇక చాలించుకుంటానని చెప్పడానికే ఆమె దగ్గరికి వెళ్లాను. అవ్వ తలెత్తలేదు.

"పంటి కింద ఒక రాయి పడిందని అన్నం మానేస్తామా? దాన్ని ఊసేసి తిను."

వచ్చే నెల ఆ పరీక్ష మళ్లీ రాస్తున్నాను. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ మాటే ముందు వినిపిస్తుంది.

అవ్వ జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు అయ్యగారు నన్ను మాట్లాడమన్నారు. కృప మీద రాసుకున్న కాగితాలు తీసుకునే వెళ్లాను. లేచి నిలబడ్డాక వాటిని మడిచి సంచిలో పెట్టేశాను.

"మా ఇంట్లో డబ్బా ఖాళీగా ఉన్న ఒక శనివారం" అని మొదలుపెట్టాను.

తలుపు పక్కన ముగ్గురు ఆడవాళ్లు మధ్యాహ్నం భోజనాలకు బియ్యం ఏరుతున్నారు. వాళ్ల మధ్యలో ఉన్నది అవ్వ చేటే. నా మాట అవ్వ రెండు దోసిళ్లు పోసిన దగ్గరికి వచ్చేసరికి ఒకామె చేతులు చేటలోనే ఆగిపోయాయి.