కల్లు తొణకని నీళ్లు

నది ఒడ్డు ఊరైన చుంచోన్‌లో బస్సు డ్రైవర్లందరూ రోడ్డు చూసి బండి నడుపుతారు. సునే రోడ్డుతో పాటు నీళ్లను కూడా చూస్తుంది. ఎర్రదీపం పడితే చాలు, ఆమె చూపు కిటికీలోంచి జారి నది మీద వాలుతుంది. గాలి ఎటు మళ్లింది, అలలు ఎక్కడ చిట్లుతున్నాయి, కొంగ ఎక్కడ ఒంటికాలి మీద కునుకు తీస్తోంది, అన్నీ కళ్లతో ఏరుకుంటుంది. వెనక సీట్లలో కూరగాయల మూటలతో కూర్చున్న అమ్మలక్కలకు ఈ సంగతి పాతదే. "సునే, పచ్చదీపం పడింది. నీళ్లలోంచి పైకి రావమ్మా!" అని కేకేస్తారు.

ఇంత వెతుకులాటా ఒక గిన్నెడు కల్లు కోసం.

ఆమె అన్న పిల్గూ వడ్రంగి. పనులు మానేశాక ఇంటి వెనక రేకుల పాకలో కూర్చుని, దేవదారు పట్టీలు ఒక్కొక్కటే వంచి, అతికించి, చిత్రిక పట్టి, ఇద్దరు పట్టే దోనె ఒకటి చేశాడు. తేనె రంగు దోనె. ఎండ పడితే లోపల ఎవరో దీపం పెట్టినట్టుండేది. ముందు చోటు తన భార్య జోంగ్‌సిమ్‌దని చెప్పి, అక్కడ ఆమె కోసమని పీట చెక్కాడు.

జోంగ్‌సిమ్ మాత్రం ఎక్కలేదు. నది ఒడ్డున పుట్టి, నది ఒడ్డునే చల్లటి నూడుల్స్ అంగడి నడుపుతూ, ఏనాడూ చీలమండ దాటి నీళ్లలోకి దిగని మనిషి ఆమె. మొగుడు పిలిచినప్పుడల్లా ఒకటే జవాబు: "గిన్నె నిండా కల్లు పోసుకుని కూర్చుంటే ఒక్క చుక్క తొణకని నీళ్లు చూపించు, ఎక్కుతాను." అతను నవ్వి, తెడ్డు భుజాన వేసుకుని ఒంటరిగా వెళ్లిపోయేవాడు. నిరుడు చలికాలంలో పిల్గూ పోయాడు. ఆ పీట మీద అంతవరకూ ఎవరూ కూర్చోలేదు.

ఈ వేసవిలో, ఏటి మలుపు దగ్గర కొత్తగా కాఫీ దుకాణం తెరిచినాయన వచ్చి దోనె అడిగాడు. బోర్లించి కప్పుకు వేలాడదీసి, లోపల చిన్న చిన్న దీపాలు పెడతాడట.

"ఇచ్చేస్తా," అంది జోంగ్‌సిమ్, పిండి పిసుకుతూ. "పాకలో చోటు తినడం తప్ప అది చేసే పనేముంది?"

"వదినా! అన్న దాన్ని చేసింది నీళ్లకి. దీపాలకి కాదు."

"అంత ప్రేముంటే నీ బస్సు నెత్తిన కట్టుకు తిరుగు."

"నువ్వడిగిన నీళ్లు నేను చూపిస్తే?"

జోంగ్‌సిమ్ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. కాసేపటికి మళ్లీ కదిలాయి. "కొండ మీద ఆకులు ఎర్రబడేలోగా చూపించు. లేదంటే కాఫీ ఆయనదే. ఒక్క చుక్క తొణికినా ఒప్పుకోను, ముందే చెబుతున్నా. ఆడపడుచు మాట విని మునిగిన వదినలు ఈ ఊళ్లో తక్కువేం లేరు."

అప్పటినుంచి సెలవు దొరికితే చాలు, సునే దోనెను చిన్న ట్రక్కు మీద కట్టుకుని బయల్దేరేది. పెద్ద సరస్సు దూరం నుంచి అద్దంలా మెరిసేది. నాలుగు తెడ్లు వేసేసరికి మోటారు పడవ ఒకటి ఆ అద్దాన్ని నిలువునా చీల్చుకుంటూ పోయేది. డ్యాము కింద నది పసిపిల్లలా నిద్రపోయేది. పైన తలుపులు ఎత్తగానే ఉలిక్కిపడి లేచేది. ఉపనది ఒకటి అందంగా ఉంది గానీ, అడుగున గులకరాళ్లతో ఎడతెగని కబుర్లు. కబుర్లాడే నీటి మీద గిన్నె నిలవదు.

ఎక్కడికి వెళ్లినా ఆమె పరీక్ష ఒక్కటే. ఆరుబయట ఏది తిన్నా తాగినా తొలిముద్ద, తొలిగుక్క ఆ చోటి దేవతలకు, పోయిన పెద్దలకు విసరాలన్నది అక్కడి ఆచారం. "గోసురే!" అని విసిరాకే తమ నోట్లో పెట్టుకోవాలి. సునే తన అన్నం చుట్టలోంచి నాలుగు మెతుకులు తీసి "గోసురే!" అని నీళ్లలోకి విసిరేది. మెతుకులు ఎటు కొట్టుకుపోతాయో చూసేది. పెద్దలకు పెట్టినట్టూ ఉండేది, నీటి గుట్టు అడిగినట్టూ ఉండేది.

ఒకనాడు కొండ వెనక, రెల్లు దడి కట్టినట్టున్న మడుగు దగ్గర గాలం వేసుకున్న ముసలాయన ఎదురయ్యాడు. దోనెను చూడగానే మొహం చిట్లించాడు.

"ఇక్కడా? అమ్మో! అన్నీ సుడులు. నిరుడు ఒక దున్నపోతును మింగేసింది."

ఆయన బెండు నీటి మీద మేకు దిగ్గొట్టినట్టు నిలబడి ఉంది.

"తాతా, ఆ సుడుల సంగతి నీ బెండుకు ఎవరూ చెప్పలేదా?"

"దానికి చెవుడు," అన్నాడాయన, చూపు తిప్పకుండా.

సునే మెతుకులు విసిరింది. పడ్డచోటే తేలాయి. చేప వచ్చి నోరు తెరిచేదాకా అక్కడే ఉన్నాయి. ఆమె గబగబా దోనెను నీళ్లలోకి దించింది. కానీ గిన్నె నింపుకుని మడుగు మధ్యకు చేరేసరికి కొండ మీంచి గాలి దిగింది. కల్లంతా ఒళ్లో పడింది.

సాయంత్రం అంగడిలోకి అడుగు పెట్టగానే జోంగ్‌సిమ్ ముక్కు ఎగరేసింది. "నీ మోకాళ్లు తాగొచ్చాయా ఏంటి?"

"చోటు దొరికింది వదినా. గాలే దొంగచాటుగా వచ్చి చెడగొట్టింది."

"ఏ వేళకి వెళ్లావు? పొగమంచు దిగిన పొద్దున వెళ్లాలిగానీ. ఆ రోజు నా పిండి ఊరికే చెమ్మగిల్లుతుంది, సగం నీళ్లకే ముద్దవుతుంది. గుమ్మం తెర కూడా కద..." అంటూ నాలుక కరుచుకుంది. తను ఎవరి పక్షాన మాట్లాడుతోందో అప్పటికిగానీ తోచలేదామెకు. సునే పళ్లెంలోకి తల వంచి, నవ్వును నూడుల్స్‌తో పాటు మింగేసింది.

కొండ పైకొమ్మలు కాస్త కాస్త రంగు తిరుగుతున్న రోజులు. సెలవు నాడు ఇంకా తెల్లారకముందే ఫోను మోగింది.

"పిండి చెమ్మగా ఉంది," అని పెట్టేసింది వదిన.

మడుగు మీద మంచు ముసుగు తన్ని పడుకుని ఉంది. నీరెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. జోంగ్‌సిమ్ లైఫ్ జాకెట్ బిగించుకుని, కళ్లు మూసుకుని, సునే భుజం గోళ్లతో పట్టుకుని దోనెలోకి దిగింది. పీట మీద కూర్చుంది. అటూ ఇటూ సర్దుకుంది.

"సరిగ్గా సరిపోయింది," అంది ఆశ్చర్యంగా. వెంటనే కనుబొమలు ముడేసింది. "అంటే ఇది చెక్కిన రోజుల్లోనే నేనింత లావవుతానని లెక్కేశాడా ఆ మనిషి?"

"నిన్ను కూర్చోబెట్టడానికి చాలా ఏళ్లు పడుతుందని లెక్కేశాడు వదినా."

సొట్టల గిన్నెలో కల్లు అంచుదాకా పోసి ఆమె మోకాళ్ల మీద పెట్టింది సునే. తెడ్డు ముంచింది. ఒడ్డు వెనక్కి జరిగి కరిగిపోయింది. తెడ్డు అంచున జారే చుక్కల చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేదు. జోంగ్‌సిమ్ గిన్నెనే చూస్తోంది. గిన్నెలో తెల్లటి చందమామ ఒకటి కదలకుండా పడుకుని ఉంది. మెల్లగా ఆమె తలెత్తింది. చుట్టూ చూసింది. భుజాలు దిగాయి.

"ఇదా," అంది. "ఇదా ఆయన రోజూ చూసొచ్చింది."

గిన్నె పెదాల దాకా ఎత్తింది. అక్కడ ఆగిపోయింది. పెద్దలకు ఇవ్వకుండా తొలిగుక్క ఎలా తాగుతుంది? "గోసురే!" అంటూ, పొలం గట్టు మీద కూర్చున్న మనిషిలా నడుము మొత్తం తిప్పి, కాస్త కల్లు బలంకొద్దీ పక్కకు విసిరింది.

దోనె కూడా ఆమెతో పాటే తిరిగింది.

సునే నీళ్లలోంచి లేచేసరికి అడుగునేల కాళ్లకు తగులుతోంది. నీళ్లు నడుము దాకానే. అంతా అయిపోయింది, దోనె ఇక దీపాలకే అనుకుంది. అప్పుడు చూసింది. వదిన జుట్టు నుంచి ధారలు కారుతున్నాయి. కుడిచేయి మాత్రం గిన్నెతో ఆకాశంలోకి నిలబడి ఉంది.

జోంగ్‌సిమ్ గిన్నె దించి తొంగి చూసింది. "ఇంకా సగం ఉంది."

"తొణికింది కదా వదినా. ఓడిపోయాను."

"నీళ్లు తొణికించలేదే పిల్లా, నేను పోశాను. పెద్దలకు పోసింది తొణికినట్టెలా అవుతుంది?" చెంపల మీద నీళ్లు తుడుచుకుంది. "మీ అన్న మడుగు నడిమధ్యన ఉంటాడేమో, అందాలని కాస్త గట్టిగా విసిరాను."

అంతలో జోంగ్‌సిమ్‌కి నవ్వొచ్చింది. అది సునేకి అంటుకుంది. మంచులోంచి ముసలాయన గొంతు వినిపించింది: "మీ పుణ్యమా అని చేపలన్నీ తాగి పడున్నాయి! ఇక గాలమెందుకు, గంప తెచ్చుకుంటే చాలు!"

"దున్నపోతును మింగిన మడుగేగా తాతా, అరిగిపోతుందిలే!" అరిచింది సునే.

జోంగ్‌సిమ్ మిగిలిన కల్లు గటగటా తాగేసి, సునేతో కలిసి దోనెను వెల్లకిలా తిప్పి, గిన్నెను అందులోకి విసిరింది. "గట్టిగా పట్టుకో. మళ్లీ ఎక్కుతాను."

ఆకులు ఎర్రబడ్డాక కాఫీ ఆయన వచ్చాడు. "వేలాడదీయడానికి పాత జల్లెడ ఉంది, పట్టుకుపో. బొక్కలన్నిట్లోంచీ వెలుగొస్తుంది," అని జోంగ్‌సిమ్ ఆయన్ని సాగనంపింది.

ఇప్పుడు పొగమంచు దిగిన సెలవు పొద్దుల్లో ఆ అంగడికి తాళం ఉంటుంది. తలుపు మీద అట్టముక్క: "పిండి చెమ్మగా ఉంది." ఊళ్లోవాళ్లు చదివి, నది వైపు ఒకసారి చూసి, నవ్వుకుని, మధ్యాహ్నం మళ్లీ వస్తారు.