రుక్మాబాయి వాడాలో మాస్

మనుషులు అరటితొక్క మీద జారిపడతారు, నాచు పట్టిన మెట్టు మీద జారిపడతారు. నేను మాత్రం ఒక సున్నా మీద జారిపడ్డాను. అది కూడా లేని సున్నా! ఉన్నదాని మీద ఎవరైనా జారతారు. లేనిదాని మీద జారి, అమ్మను, నాన్నను, ఏ పాపమూ ఎరుగని ఓ ఫాదర్ గారిని, సగం గడిచిన తపస్కాలాన్ని కూడా వెంట లాక్కుని పడిన ఘనత నాదొక్కదానిదే. ఎవరికీ ఎముకలు విరగలేదు. తల మీద కప్పు మాత్రం ఎగిరిపోయినంత పనయింది. ఆ కప్పు రుక్మాబాయిది.

డెబ్బైల నాటి మాట. నాందేడ్‌లో మా నాన్న బట్టల మిల్లులో టైంకీపరు. మిల్లులో అందరి టైమూ ఆయన చేతిలో ఉండేది గానీ, అద్దె ఇంటి విషయంలో ఆయన టైమే బాగుండేది కాదు. "మీరేమిట్లు?" అని అడిగేవారు. "కతోలికులం" అనేవాడు. "అంటే?" "క్రైస్తవులం." "ఓహో, మాంసం తింటరు" అని తలుపు వేసేవారు. అలా ఎన్ని తలుపుల చప్పుడు విన్నాక రుక్మాబాయి తలుపు తెరుచుకుందో నాన్నకే తెలియాలి.

రుక్మాబాయి మా తెలుగావిడే. భర్తకు మోండా బజారులో పప్పుల దుకాణం. పెద్ద వాకిలి, నడుమ ఆకాశం కనిపించే చౌకు, చుట్టూ గదులు ఉన్న వాడా ఆవిడది. అందులో రెండు గదులు మాకిస్తూ ఒకే ఒక్క షరతు పెట్టింది.

"జూడన్నా, నా వాడాల మాంసం ముట్టద్దు, వండద్దు. కోడిగుడ్డు పగిలిన చప్పుడు గూడ నా చెవుల పడద్దు. తినేదుంటే బయట తిని, నోరు కడుక్కొని రాండ్రి."

"మాటంటే మాటే అక్కా" అన్నాడు నాన్న.

నిలబెట్టుకున్నాడు కూడా. తపస్కాలం వచ్చేసరికి మా ఇల్లు ఆవిడ ఇంటికంటే శాకాహారం అయిపోయింది. నాన్న పాతకాలపు కతోలికుడు. ఈస్టరు ముందు నలభై రోజులూ మాంసం పేరెత్తనిచ్చేవాడు కాదు. రేడియోకు గుడ్డ కప్పేవాడు. బుధ, శుక్రవారాలు ఒంటిపూట భోజనం. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గం, అంటే క్రీస్తు శ్రమల్లోని పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి చేసే జపం. ఆ పద్నాలుగు స్థలాలకూ పద్నాలుగు కాగితపు సిలువలు గోడలకు అంటించాడు. ఉన్నవి రెండే గదులు కదా, నాలుగో స్థలం బట్టల పెట్టె మీద, ఏడోది నీళ్ళ బిందె పైన, పన్నెండోది కిరోసిన్ స్టవ్ పక్కన పడ్డాయి. మేం వరసగా మోకరిస్తూ పోతుంటే, కిటికీలోంచి చూసిన రుక్మాబాయి, "అయ్యో, బిందెకు గూడ మొక్కుతరా! ఎంత మంచోళ్ళు" అని మురిసిపోయింది.

తపస్కాలం మొదటి రోజు విభూతి బుధవారం. నాన్న నుదుట బూడిద బొట్టు చూసి ఆవిడ ఇంకా మురిసింది. "మొన్ననే శివరాత్రి చేసుకున్నం. మీది రెండొద్దులు ఆలస్యమా అన్నా?" అంది. నాన్న తల ఊపాడు. ఆ ఊపుడు అటా ఇటా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఏమైతేనేం, మా పరపతి పెరిగింది.

ఇక నా సంగతి. తపస్కాలంలో ఇంట్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి వదిలెయ్యాలి. అమ్మ చాయ్ వదిలింది. నాన్న నశ్యం వదిలాడు, దాంతో ఇల్లు తుమ్ములు లేక బోసిపోయింది. నాకు పదిహేడేళ్ళు. చాయ్ వదలను, పల్లీపట్టీ వదలను. "నేను అబద్ధాలు వదిలేస్తున్నా" అని ప్రకటించాను. నాన్న కళ్ళు చెమర్చాయి. అమ్మ మాత్రం, "కడుపు కాలని త్యాగం బానే ఏరుకున్నవ్" అంది.

నాకింకో జబ్బు కూడా ఉండేది. హాస్టల్లో సిస్టర్ల దగ్గర చదివొచ్చిన కొత్త. నాలిక మీద ఇంగ్లీషు పూత ఇంకా ఆరలేదు. ఫాదర్ గారు అప్పాన్ని ఆశీర్వదించి నాలుక మీద పెట్టే ఆరాధనను మా ఇళ్ళలో అందరూ 'పూజ' అంటే, నేను 'మాస్' అనేదాన్ని.

"పూజ అనవే ఫిలో. నోరు నొస్తదా?" అనేది అమ్మ.

"పూజ అని అందరూ అంటారు. మాస్ అంటేనే కరెక్టమ్మా."

ఇక్కడ చదువరులు ఒక్క క్షణం ఆగాలి. నాందేడ్ వీధుల్లో చేపను మాసా అంటారు. మాంసాన్ని, దాని నడుమనున్న సున్నాను గుటుక్కున మింగేసి, మాస్ అంటారు. ఈ సంగతి నాకు తెలుసు. కూరగాయలామెకు తెలుసు, రిక్షా అతనికి తెలుసు, నాకూ తెలుసు. తెలిసిన విషయం అవసరమైనప్పుడు గుర్తుకు రాకపోవడాన్నే ఆ రోజుల్లో నేను చదువు అనుకునేదాన్ని.

ఫాదర్ గారు నెలకోసారి రైల్లో వచ్చి, ఎవరో ఒకరి ఇంట్లో పూజ చేసి వెళ్ళేవారు. ఆ శుక్రవారం మా వంతు. మా ఇంట్లో పూజ అదే మొదటిసారి. నాన్న రెండు రోజుల నుంచి నేల మీద నడవడం లేదు. అమ్మ నన్ను పిలిచి, "రుక్మాబాయికాడికి పోయి, శుక్రారం మా ఇంట్ల పూజున్నది, జర చౌకు వాడుకుంటం, కింద పరవనీకి శత్రంజి ఇయ్యిమని అడుగు" అంది.

రుక్మాబాయి చౌకులో అప్పడాలు ఎండేస్తోంది. నేను వయ్యారంగా నిలబడి, "కాకూ, శుక్రవారం మా ఇంట్లో మాస్ ఉంది" అన్నాను.

ఆవిడ చేతిలో అప్పడం ఆగింది. "ఏమున్నది?"

"మాస్."

"మాసా! మీ ఇంట్లనా? నా వాడాలనా?"

"అవును కాకూ. మీ చౌకులో చేసుకుంటే విశాలంగా ఉంటుందని అమ్మ అడగమంది."

ఆవిడ మెల్లగా పీట మీద కూలబడింది. ఆనందం పట్టలేక కాబోలనుకున్నాను.

"ఎవరు చేస్తరు?"

"ఫాదరే చేస్తారు. ఇంకెవరూ చెయ్యకూడదు."

"మీ నాయననా? మీ నాయనకు వంట గూడ అస్తదా?"

"మా నాన్న కాదు కాకూ. ఫాదర్ వేరు, మా నాన్న వేరు."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ ఫాదర్ వేరే, మీ నాయన వేరేనా! మీ అమ్మకు ఎరుకనా పోరీ?"

"అమ్మకు ముందే తెలుసు. ఆయన ప్రతి నెలా వస్తారు కదా."

రుక్మాబాయి ఆ ప్రశ్న అక్కడ వదిలేసి, అసలు సంగతిలోకి దిగింది. "ఎందరొస్తరు?"

"ఇరవై మంది. మీరేమీ చెయ్యనక్కర్లేదు. ఫాదరే అన్నీ సంచిలో తెస్తారు. ఒక్కొక్కరికి చిన్న ముక్క, అంతే. నాలుక మీద పెడతారు."

"ముక్క!"

"చాలా పల్చటి ముక్క కాకూ."

"మరి ఇప్పుడు మీకు ఉపాసం గదనే?"

"ఉపాసం ఉంటేనే ఇస్తారు. తిని వచ్చినవాళ్ళకు పెట్టరు. హాస్టల్లో అయితే మాకు రోజూ ఉండేది, తెల్లవారగానే, పరగడుపున."

"పరగడుపున! రోజూ!" ఆవిడ తల పట్టుకుంది. "వాసనో?"

"సాంబ్రాణి వేస్తారు కాకూ. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఇక నుంచి నెలనెలా ఇక్కడే పెట్టుకుందామంటున్నాడు నాన్న."

అయ్యా, అమ్మా, ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి. నా జన్మలో అంత నిజం అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాను. "ఒప్పుకున్నదా?" అంది అమ్మ.

"ఒప్పుకున్నట్టే. సంతోషంతో నోట మాట రాలేదు. శత్రంజి సంగతి అడగడం మరిచిపోయా."

సాయంత్రం నాన్న మిల్లు నుంచి రాగానే రుక్మాబాయి మా గడప అవతల నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగు నడుముకు బిగించి ఉంది.

"అన్నా, ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి."

నాన్న చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "ఏమైందక్కా?"

"శుక్రారం మీ ఇంట్ల మాస్ ఉన్నదా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు."

నాన్న ముఖం గంభీరమైపోయింది. మా భక్తికే ఎసరు పెడుతోంది అనుకున్నాడు పాపం. "ఉన్నది. మేం క్రైస్తవులమని ముందే చెప్పినం గదా అక్కా."

"మీ దేవుడు మీకు, మా దేవుడు మాకు. దాని జోలికి నేనెందుకొస్త? కావాలంటే పూజలు చేసుకోండ్రి, భజనలు చేసుకోండ్రి. ఈ మాస్ ఒక్కటి వద్దు."

"అదొక్కటే మాకు ముఖ్యం."

"ఈ ఒక్క నెలన్న ఆగలేరా?"

"ప్రాణమైనా ఇస్త గని మాస్ ఇడువ." పూజను నాన్న మాస్ అనడం జీవితంలో అదే మొదటిసారి. ఆవిడ అన్న మాటకు మర్యాదగా అదే మాటతో జవాబిచ్చాడు.

రుక్మాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాలిక కోసం ప్రాణమిస్తవా అన్నా! బిందెకు మొక్కితివి, బూడిద పెడితివి, దేవుని లెక్క మనిషనుకున్న. ఆ రోజు చౌకుల ఏదన్న పొయ్యి మీదికెక్కిందా, తెల్లారి మీ సామాను గల్లీల ఉంటది." వెళ్ళిపోయింది.

అమ్మ ఏడుస్తూ గిన్నెలు గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది. నాన్న ఏడో స్థలం కింద, బిందె పక్కన కూర్చుని, "మన విశ్వాసానికి ఇది పరీక్ష బిడ్డా" అన్నాడు. నేను కూడా ప్రాణాలర్పించే వేదసాక్షిలాగా ముఖం పెట్టాను. అంత గొప్పగా ఫీలవుతూ అంత తెలివితక్కువగా ఉండటం అందరి వల్లా కాదు.

శుక్రవారం పదింటికి ఫాదర్ గారు తెల్ల అంగీలో, చేతిలో నల్ల సంచితో వాకిట్లోకి వచ్చారు. వెనక మావాళ్ళు ఓ ఇరవై మంది. వాకిలికి అడ్డంగా రుక్మాబాయి, చేతిలో చీపురు. అప్పటికే గోడ పక్కన మా గోనెసంచులు రెండు, పైన బోర్లించిన బిందె.

"నువ్వేనా ఫాదర్‌వి?" అంది ఆవిడ.

"అవునమ్మా" అన్నారాయన చిరునవ్వుతో.

"సంచి ఇప్పు."

ఫాదర్ గారు నాన్న వైపు చూశారు. నాన్న ఆకాశం వైపు చూశాడు. ఆయన అక్కడే అరుగు మీద సంచి విప్పి ఒక్కొక్కటీ బయట పెట్టారు. ఇస్త్రీ చేసిన తెల్ల గుడ్డ. రెండు కొవ్వొత్తులు. ఓ సిలువ. ఓ పుస్తకం. ఓ గంట. ఓ గిన్నె, చిన్న సీసాలో ద్రాక్షరసం. సాంబ్రాణి పొట్లం. చిన్న డబ్బాలో కాగితమంత పల్చటి తెల్లటి గోధుమ అప్పాలు.

రుక్మాబాయి సంచిని తలకిందులు చేసి దులిపింది. ఓ రైలు టికెట్టు రాలింది. అయోమయంగా అడిగింది, "మరి మాసేది?"

ఫాదర్ గారు అంతకంటే అయోమయంగా అన్నారు, "ఇంకా మొదలుపెట్టలేదమ్మా."

"ఈడనే కోస్తవా?"

"ఏంటి కోసేది?"

అప్పుడు గోనెసంచుల పక్క నుంచి అమ్మ లేచింది. మూడు రోజుల ఏడుపు, చాయ్ లేని తలనొప్పి, అన్నీ కలిపి ఒక్క కేక పెట్టింది. "పూజ, బాయీ, పూజ! మా దేవుని పూజ! దాన్నే ఈ పిల్ల ఇంగ్లీషుల మాస్ అంటది!"

రుక్మాబాయి అరుగు మీది అప్పాల డబ్బా వైపు తిరిగింది.

"పూజనా?" అంది. చీపురు కిందపడింది. "అప్పాల పూజనా? ఓ పోరీ! ఆ ముక్క ముందే అనద్దానే!"

ఆ తర్వాత ఇరవై మందీ నా వైపు తిరిగారు. ఇరవై ఒక్క మంది. ఫాదర్ గారిని మరిచిపోయాను.

ఏ చీపురుతో మమ్మల్ని ఊడ్చేద్దామనుకుందో అదే చీపురుతో ఆవిడ చౌకు ఊడ్చింది. ముగ్గు పెట్టింది. శత్రంజి తెచ్చి తానే పరిచింది. పూజకు ముందు ఒక్కొక్కరూ తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనాలు ఫాదర్ గారు వింటుంటే నేనూ వెళ్ళి మోకరించాను.

"ఫాదర్, ఈ తపస్కాలంలో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు."

"చూశాను" అన్నారాయన. పెదవులు బిగబట్టుకున్నారు గానీ భుజాలు కదులుతున్నాయి. "మూడు పరలోక జపాలు చెప్పుకో. ఈస్టరు దాకా ఇంగ్లీషు కూడా మానెయ్."

పూజ అయ్యేదాకా రుక్మాబాయి వెనక వరసలో చేతులు జోడించి కూర్చుంది. అవగానే పెద్ద పళ్ళెం నిండా సగ్గుబియ్యంతో చేసిన సాబుదానా ఖిచిడీ తెచ్చింది, పైన పల్లీల పొడి, పచ్చిమిర్చి, బంగాళదుంప ముక్కలు. "ఉపాసమోళ్ళు గద, తినుండ్రి. ఇది ఉపాసానికే."

ఒంటిపూట వాడైన నాన్న గాబరాగా ఫాదర్ గారి వైపు చూశాడు. ఉపవాసం ఉన్నవాడు కడుపు నిండా తినే వంటకం ఆయన జపపుస్తకంలో లేదు. "ఇదే ఈ పూట భోజనం అనుకో" అన్నారు ఫాదర్ గారు, రెండో ముద్ద నములుతూ. అమ్మ గోనెసంచి విప్పి గిన్నెలు తీసింది. బిందె ఏడో స్థలం కిందికి తిరిగి చేరింది.

కథ ఇక్కడ ఆగితే నేను బతికిపోయేదాన్ని. నెల తిరిగింది. ఈస్టరు వెళ్ళింది. ఓ పొద్దున నల్లా దగ్గర గల్లీ ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరూ ఉల్లిపాయ కూడా ఆలోచించి తినేవాళ్ళు. వాళ్ళ నడుమ రుక్మాబాయి, వాడాకు కొత్తగా వచ్చిన గౌరవంతో ఛాతీ పొంగి, గొంతెత్తి చెబుతోంది.

"వచ్చే శుక్రారం మా వాడాల మాస్ ఉన్నది! అందరు రావాలె. పరగడుపునే రాండ్రి. ఫాదర్ సంచిల తెస్తడు. పోయిన నెల నాకు ముక్క పెట్టలేదు గని, వాసన మాత్రం... ఆహా!"

మూడు బిందెలు ఒకేసారి కిందపడ్డ చప్పుడు నాకు ఇంట్లోకి వినిపించింది.

ఆ క్షణమే ఏడో స్థలం ముందు మోకరించి, తడి నేల మీద రెండు చేతులూ చాచి ప్రమాణం చేశాను. ఈ దేహంలో ఊపిరి ఉన్నంతవరకు పూజను పూజ అనే అంటాను. ఆ రెండో మాట ఎప్పుడైనా నాలుక చివరికొస్తే, నాందేడ్ వాళ్ళు సున్నాను మింగినట్టు దాన్ని గుటుక్కున మింగేస్తాను. పరగడుపునైనా సరే.